హెడ్ కానిస్టేబుల్ కూతురు పోలీసు వ్యవస్థపై బొమ్మలు వేయవచ్చా?

ప్రశ్న: నేను కావలి ప్రాంతంలో హెడ్ కానిస్టేబుల్‌ను. మా అమ్మాయి బి.ఎఫ్.ఏ. (లలితకళల డిగ్రీ) చివరి సంవత్సరం చదువుతోంది. పోలీసు వ్యవస్థ, సామాజిక న్యాయం మీద పరిశోధన చేసి బొమ్మల్లో చూపిస్తానంటోంది. ఇందులో భవిష్యత్తు ఉందా? నా ఉద్యోగానికి ఇబ్బంది రాదా?

జవాబు: మీ రెండో ప్రశ్నే మిమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతున్నట్టుంది కనుక ముందు దాని సంగతి చెబుతాను. స్టేషన్ కాగితాలేవీ మీ చేతుల మీదుగా ఆమెకు అందకూడదు. దర్యాప్తులో ఉన్న కేసుల జోలికి ఆమె పోకూడదు. కావలసిన వివరాలను సమాచార హక్కు చట్టం కింద తన పేరుతోనే అడగాలి. ఈ జాగ్రత్తలు పాటిస్తే, రాత్రి బీటు ఎలా ఉంటుందో, పై అధికారుల ఒత్తిడి కింది సిబ్బందిపై ఎలా పడుతుందో చెప్పగల మనిషి ఇంట్లోనే ఉండడం ఆమెకు అదృష్టమే.

విషయం కోసం దూరం వెళ్లనక్కరలేదు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించాక, ఎరుకల కుటుంబాలను నిఘాలో ఉంచిన శిబిరాల్లో (సెటిల్‌మెంట్లలో) ఒకటి మీ కావలిలోనే, అమెరికన్ బాప్టిస్టు మిషన్ నిర్వహణలో నడిచింది. పుట్టుకను బట్టే మనుషులను అనుమానితులుగా రిజిస్టరులో చేర్చి, వేలిముద్రలు తీసుకుని, హాజరు వేయించిన ఆ చట్టం 1952లో దేశమంతటా రద్దయింది. అయినా దొంగతనం జరిగితే జీపు ముందుగా ఏ పేటకు వెళుతుందో నాకన్నా మీకే బాగా తెలుసు. (మనం తిట్టుగా వాడే ‘కేడీ’ అన్న మాట కూడా పోలీసు రిజిస్టరులోంచి వచ్చిందే.)

అయితే చేయి తిరిగినంత మాత్రాన ఈ పని సాగదు. చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు ప్రభుత్వపు పాత రికార్డులు చదవాలి. అధికారి రాసిన మాటకూ, ఆ కుటుంబాల పెద్దలు చెప్పే జ్ఞాపకానికీ ఎక్కడ పొంతన కుదరదో అక్కడే ఆమె బొమ్మ మొదలవ్వాలి. అనుమతి లేకుండా ఎవరి ముఖమూ గుర్తుపట్టేలా గీయరాదు. కేసుల్లో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టడమైతే బాల న్యాయ చట్టం ప్రకారం నేరమే.

చదువు విషయానికి వస్తే, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఎఫ్.ఏ. ఉంది. ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో నేరశాస్త్రం, న్యాయం ప్రధానాంశంగా సోషల్ వర్క్ ఎం.ఏ. చేయవచ్చు. నా మొగ్గు రెండోదానికే. గీయడం ఆమెకు ఇప్పటికే వచ్చు, మనుషులను అడిగి తెలుసుకునే పద్ధతి నేర్చుకోవాలి. ఆ తరువాత యు.జి.సి. నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్‌కు అర్హత) సాధించి పిహెచ్.డి.లో చేరితే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ వస్తుంది. బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ కళా పరిశోధనలకు గ్రాంట్లు ఇస్తుంది. బొమ్మల అమ్మకం మీద ఇల్లు గడుస్తుందని మాత్రం నేను చెప్పలేను. బోధన గానీ, స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగం గానీ తోడుగా ఉండాలి.

దరఖాస్తుకు ముందే ఈ వేసవిలో సెటిల్‌మెంటు కుటుంబాల పెద్దలను ఇద్దరు ముగ్గురిని కలిసి రమ్మనండి. మీరు మాత్రం వెంట వెళ్లకండి, యూనిఫాం లేకపోయినా సరే.