వాష్ ఏరియా గోడకి గ్రీన్ బోర్డు సరిపోతుందా?

బోడుప్పల్‌లో మీ మేడ మీద గదికి బాత్రూమ్, వాష్ ఏరియా గోడలు ఇటుకతో కాకుండా బోర్డుతో కట్టిద్దామని, గ్రీన్ జిప్సం బోర్డు సరిపోతుందా అని అడిగారు. సరిపోదండి. జిప్సం బోర్డుతో నేను ఒకసారి దెబ్బ తిన్నాను.

మాది నాచారం. పైన గది వేసినప్పుడు కాంట్రాక్టర్ మాట విని వాషింగ్ మెషిన్ వెనక మామూలు జిప్సం బోర్డు, అంటే రెండు కాగితాల మధ్య జిప్సం నింపిన బోర్డు, పెట్టించాను. రెండేళ్లు బాగానే ఉంది. బోనాలకి మా అమ్మ ఇల్లంతా బకెట్లతో కడిగింది. నాలుగు రోజులకి గోడ అడుగున జానెడు మేర పెయింట్ పొంగింది. వేలితో నొక్కితే టీలో ముంచిన బిస్కెట్‌లా లోపలికి పోయింది. కాగితం పీకితే వెనకంతా నల్లటి బూజు. "కడగకూడని గోడ ఎందుకు కట్టావురా" అని అమ్మ నన్నే తిట్టింది.

గ్రీన్ బోర్డు లోపల ఉండేదీ జిప్సమే. నీళ్లు త్వరగా పీల్చకుండా మందు కలుపుతారు, అంతే. గాలిలో తేమకి ఆగుతుంది కాబట్టి సీలింగ్‌కి వాడుకోండి. రోజూ నీళ్లు పడేచోట మాత్రం వద్దు.

అది పీకించి ఫైబర్ సిమెంట్ బోర్డు వేయించాను, ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్బెస్టాస్ నార లేనిదని అడిగి మరీ. బైసన్ ప్యానెల్ కూడా చూశాను. చెక్క పొట్టు, సిమెంట్ కలిపి నొక్కిన బోర్డు, మన హైదరాబాద్ కంపెనీ ఎన్‌సీఎల్ వాళ్లదే. గట్టిదే కానీ 12 ఎం.ఎం. షీటు, ఎనిమిది బై నాలుగు అడుగులది, 45 కిలోల దాకా తూగుతుంది. మా మెట్ల మలుపు చూసి వదిలేశాను. పీవీసీ బోర్డుకి నీళ్ల భయం లేదు గానీ టైల్ సరిగా పట్టదు. అది కప్‌బోర్డులకే.

సిమెంట్ బోర్డు నీళ్లకి నానిపోదు, అలాగని నీళ్లని ఆపదు కూడా. టైల్స్‌కి ముందు వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు వేయించాలి. జాయింట్లకి మెష్ టేప్ (వల లాంటి పట్టీ) తప్పనిసరి. అన్నిటికంటే ముఖ్యం, బోర్డుని నేలకి ఆనించనివ్వకండి. అర అంగుళం పైకెత్తి బిగించి, ఆ సందుని సీలెంట్‌తో నింపమనండి. మన ఇళ్లలో నేల కడగడం ఆగేది కాదు కదా! కోసేటప్పుడు లేచే దుమ్ము మంచిది కాదు, పనివాళ్లకి మాస్కులు మీరే కొనివ్వండి.

గీజర్ బరువు బోర్డు మోయదు, వెనక అదనంగా జీఐ చానల్ (జింక్ పూత ఉన్న ఇనుప పట్టీ) ఉండాలి. బోర్డు మూసేముందు చానళ్లకి కొలత టేపు పెట్టి ఫొటో తీసుకోండి. నేను తీయలేదు. చానల్ వెతుకుతూ మూడు చోట్ల బొక్కలు పెట్టారు. ఆ బొక్కలు కనపడకుండా ఇప్పుడక్కడ సబ్బు పెట్టె వేలాడుతోంది.