రెండున్నర వేల పన్ను, ఏడు రూపాయల వడ్డీ

ప్రశ్న: నేను చెన్నై అంబత్తూరులో ఒక ప్రైవేటు సంస్థలో పనిచేస్తున్నాను. జీతం చేతికి 92,000 రూపాయలు వస్తుంది. ఇంటి ఖర్చు 62,000, ఫిలిప్పీన్స్‌లోని దావావ్‌లో వైద్యవిద్య మూడో ఏడు చదువుతున్న మా అమ్మాయికి పంపేది 20,000, ఈ మధ్యనే మొదలుపెట్టిన సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలవారీ పెట్టుబడి) 10,000. అమ్మాయి సెలవులకు ఇంటికి బయలుదేరినప్పుడు విమానాశ్రయంలో ట్రావెల్ ట్యాక్స్ అని 1,620 పెసోలు, ఇమ్మిగ్రేషన్ రుసుములు, అదనపు సామానుకు మరికొంత అడిగారట. తన డెబిట్ కార్డు పనిచేయక, నా క్రెడిట్ కార్డుకు యాడ్-ఆన్‌గా ఇచ్చిన కార్డుతో ఏటీఎంలో 10,000 పెసోలు తీసింది. ఆ నెల బిల్లు 60,000 దాటడంతో కనీస మొత్తమే కట్టాను. తరువాత లోన్ యాప్‌లో 30,000 తీసుకుంటే 27,600 చేతికి వచ్చింది. నెలకు 10,600 చొప్పున మూడు వాయిదాల్లో ఒకటి కట్టాను. కార్డు మీద ఇంకా 36,000 బాకీ ఉంది. ఎనిమిది నెలల తరువాత కట్టాల్సిన ఫీజు కోసం 3 లక్షల ఎఫ్‌డీ ఉంచాను. బాకీలన్నీ కలిపి పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. విదేశాల్లో పిల్లలను చదివిస్తున్న తల్లిదండ్రులు చాలామంది టికెట్ కొనడంతో ప్రయాణం ఖర్చు ముగిసిందనుకుంటారు. అందుకే మీ ఉత్తరానికి ఇంత వివరంగా జవాబు రాస్తున్నాను.

ముందుగా, మీ అమ్మాయిని అడిగిన పన్ను సక్రమమైనదే. ఫిలిప్పీన్స్ ట్రావెల్ ట్యాక్స్‌ను ఆ దేశ పౌరులతో పాటు అక్కడ ఏడాదికి మించి ఉన్న విదేశీయులు కూడా కట్టాలి కనుక, మొదటి ఏడాదిలో వచ్చివెళ్లిన విద్యార్థికి దాని ఊసే తెలియదు. ఆ తరువాతి ప్రయాణంలో కౌంటర్ దగ్గర రసీదు అడిగినప్పుడు తెలుస్తుంది. మనీలా విమానాశ్రయంలో టెర్మినల్ రుసుమును 2015 నుంచి టికెట్లోనే కలుపుతున్నందువల్ల అన్నీ అందులోనే ఉంటాయన్న నమ్మకం ఏర్పడింది. కానీ ఇక్కడినుంచి వెబ్‌సైట్‌లో కొన్న టికెట్లలో ఈ ట్రావెల్ ట్యాక్స్ సాధారణంగా ఉండదు. అక్కడ ఆరు నెలలు దాటి ఉన్నవారు దేశం విడిచేటప్పుడు తీసుకోవలసిన ఎగ్జిట్ క్లియరెన్స్‌కు, విద్యార్థి వీసాతో తిరిగి రావడానికి కావలసిన అనుమతికి రుసుములు వేరు. ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి: జపాన్ 2019లో 1,000 యెన్‌లతో మొదలుపెట్టిన నిష్క్రమణ పన్ను టికెట్లోనే కలిసి వస్తుంది, ఇండోనేషియాలోని బాలీలో 2024 ఫిబ్రవరి నుంచి విదేశీ పర్యాటకులు 1,50,000 ఇండోనేషియా రుపియాలు విడిగా కట్టాలి.

ఆ 1,620 పెసోలు మన లెక్కలో సుమారు 2,500 రూపాయలు. అది ఎంత దూరం పోయిందో చూడండి. 10,000 పెసోలు తీసినందుకు అక్కడి ఏటీఎం రుసుము 250 పెసోలు, మీ బ్యాంకు నగదు రుసుము కనీసం 500 రూపాయలు, కరెన్సీ మార్పిడికి మూడున్నర శాతం, ఆ రెండింటి మీద జీఎస్‌టీ, మామూలుగా అమలులో ఉన్న ఈ రేట్ల ప్రకారం వడ్డీ మొదలుకాకముందే దాదాపు 1,600 రూపాయలు పోయాయి. క్రెడిట్ కార్డుతో తీసిన నగదుకు వడ్డీలేని గడువు ఉండదు, తీసిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. పైగా కనీస మొత్తమే కట్టడంతో ఆ నెలలో మీరు కొన్న సరుకులకూ గడువు పోయి, బిల్లంతా వడ్డీలో పడింది.

ఇక యాప్ సంగతి. 27,600 చేతికిచ్చి మూడు నెలల్లో 31,800 రాబట్టుకుంటే అది నూటికి నెలకు ఏడు రూపాయలు దాటిన వడ్డీ, సాలుకు లెక్కిస్తే 89 శాతం. ఊళ్లో ఎవరైనా నూటికి ఐదు రూపాయల వడ్డీ అంటే ఆ గుమ్మం తొక్కని మనిషి, ఫోనులో నాలుగు చోట్ల వేలు నొక్కి ఏడు రూపాయలకు ఒప్పుకోవడం నాకు మింగుడు పడని విషయం. అప్పు ఇచ్చేముందు వార్షిక వ్యయాన్ని ఒక్క అంకెలో చూపే పత్రం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన పెట్టింది; మీకూ వచ్చే ఉంటుంది, ఒకసారి తీసి చూడండి.

అసలు లోపం మీ నెలవారీ లెక్కలో ఉంది. 62,000, 20,000, 10,000 కలిపితే సరిగ్గా 92,000. ఒక్క రూపాయి మిగలని ఇంట్లో 2,500 అనుకోని ఖర్చు వచ్చినా అప్పే దిక్కు. ఈసారి అది విమానాశ్రయంలో వచ్చింది, మరోసారి ఆసుపత్రిలో రావచ్చు. అత్యవసర నిధి లేకుండా సిప్ మొదలుపెట్టడం తలకిందుల పని. ఆ నిధికి ఆరు నెలల ఖర్చు లెక్కించేటప్పుడు చాలామంది ఇంటి ఖర్చు మాత్రమే వేసుకుని, విదేశంలో ఉన్న బిడ్డకు పంపేదాన్ని వదిలేస్తారు. మీ ఉద్యోగం ఆగినా అమ్మాయి అక్కడ తినక మానదు కదా! కాబట్టి మీ లక్ష్యం 3,72,000 కాదు, నెలకు 82,000 చొప్పున 4,92,000. ఇది ఏళ్ల తరబడి సాగే పని కనుక వచ్చే బోనసులన్నీ ఇందులోకే వెళ్లాలి.

ప్రస్తుతానికి ఎఫ్‌డీని రద్దు చేయకుండా దాని మీద 60,000 ఓవర్‌డ్రాఫ్ట్ (డిపాజిట్‌ను హామీగా పెట్టి బ్యాంకు నుంచి వాడుకునే అప్పు) తీసుకోండి. వడ్డీ సాధారణంగా డిపాజిట్ రేటు కంటే ఒకటి రెండు శాతమే ఎక్కువ. ఆ డబ్బుతో యాప్ బాకీని ముందుగానే తీర్చి రుజువు తీసుకోండి, కార్డు బాకీ పూర్తిగా కట్టండి, యాడ్-ఆన్ కార్డుకు నగదు పరిమితిని సున్నా చేయించండి. సిప్ ఆపి ఆ 10,000 ఓవర్‌డ్రాఫ్ట్‌కు కడితే ఫీజు గడువుకు ముందే తీరిపోతుంది. ఆ తరువాత అదే మొత్తం అత్యవసర నిధికి మళ్లించండి. పర్సనల్ లోన్ తీసుకుంటే బాకీ రెండు మూడేళ్లు సాగుతుంది, ఖాళీ అయిన కార్డు మళ్లీ నిండుతుంది. బంగారం తాకట్టు కూడా ఇప్పుడు అక్కర్లేదు. ప్రయాణ బీమా ఇలాంటి పన్నులను చెల్లించదు గానీ వైద్య ఖర్చుల కోసం దాన్ని కొనసాగించండి.

అమ్మాయి డెబిట్ కార్డు పనిచేయకపోవడానికి కారణం కూడా బహుశా చిన్నదే. రిజర్వ్ బ్యాంకు ఆదేశాల ప్రకారం 2020 మార్చి 16 నుంచి కొత్తగా ఇచ్చే కార్డులు దేశంలో వాడకానికే తెరిచి ఉంటాయి. విదేశీ వాడకాన్ని ఖాతాదారు స్వయంగా తెరుచుకోవాలి. బ్యాంకు యాప్‌లో ఆ వాడకాన్ని తగిన పరిమితితో తెరిపించి, తను తిరిగి వెళ్లాక ఒక చిన్న కొనుగోలుతో సరిచూడమనండి. పాస్‌పోర్టు కవరులో 6,000 పెసోలు విడిగా పెట్టి, ఇంటికి బయలుదేరే రోజు వరకు ముట్టవద్దని చెప్పండి. వచ్చే సెలవులకు టికెట్ కొనగానే అప్పటి రేటు చూసి ట్రావెల్ ట్యాక్స్‌ను ఆన్‌లైన్‌లో ముందే కట్టి, రసీదు ఫోనులో ఒకటి, అచ్చువేసినది ఒకటి దగ్గర ఉంచుకోవాలి. ఇమ్మిగ్రేషన్ రుసుములు ఎంతో, ఎక్కడ కట్టాలో వారం ముందే కళాశాలలోని విదేశీ విద్యార్థుల విభాగంలో కనుక్కోవాలి.