‘యస్ మినిస్టర్’లో హ్యాకర్ ప్రధాని ఎప్పుడయ్యాడు? (సమాధానం)

‘యస్ మినిస్టర్’ అనే బ్రిటిష్ రాజకీయ హాస్య టీవీ సిరీస్ చూసి, దాని కొనసాగింపు ‘యస్, ప్రైమ్ మినిస్టర్’ మొదలుపెట్టగానే మంత్రి జిమ్ హ్యాకర్ ప్రధాని కుర్చీలో కనబడ్డాడంటే, మీరు ‘పార్టీ గేమ్స్’ అనే క్రిస్మస్ స్పెషల్ చూడలేదన్నమాట. ‘యస్, ప్రైమ్ మినిస్టర్’ మొదటి సీజన్‌లో ఎపిసోడ్లు పోయాయేమోనని మీరు అనుమానించారు కదా, ఏమీ పోలేదు.

చూడాల్సిన వరుస ఇది:

1. ‘యస్ మినిస్టర్’, మూడు సీజన్లు, 21 ఎపిసోడ్లు. 1980లో మొదలైంది.

2. ‘పార్టీ గేమ్స్’, 1984 డిసెంబరు. అందరూ జారేది ఇక్కడే. మిగతావి అరగంటవి, ఇది గంట. సీజన్ లెక్కలోకి రాదు కాబట్టి విడిగా ‘స్పెషల్స్’ కింద పడేస్తారు. అక్కడ వెతకండి, లేదా ‘యస్ మినిస్టర్’ చివర చూడండి. తాగి కారు నడపొద్దని ప్రచారం పెట్టిన హోం సెక్రటరీ (బ్రిటన్‌లో హోం మంత్రి) తానే తాగి నడిపి దొరికిపోతాడు, ప్రధాని రిటైర్ అవుతాడు. హ్యాకరేమో లోపల ఎప్పుడో తేలిపోయిన, యూరప్‌తో బ్రిటిష్ సాసేజ్ గొడవను బయట పెద్ద పోరాటంలా చూపించి ప్రధాని పదవి గెలుస్తాడు. హ్యాకర్ శాఖలో పెద్ద అధికారి సర్ హంఫ్రీ క్యాబినెట్ సెక్రటరీ అయ్యేదీ ఇందులోనే. ఇది వదిలేస్తే తర్వాత వాళ్లిద్దరి ఎత్తులు సగమే అర్థమవుతాయి.

3. ఆ తర్వాత ‘యస్, ప్రైమ్ మినిస్టర్’, 1986–88, 16 ఎపిసోడ్లు.

తెర మీద హ్యాకర్‌గా పాల్ ఎడింగ్టన్ లేకపోతే మీరు పెట్టింది 2013 నాటి కొత్తది. పేరు అదే, నటులు వేరు. ఆపేసి పాతది పెట్టండి.

హంఫ్రీ ఊపిరాడని వాక్యాలకు టెన్షన్ పడొద్దు. హ్యాకర్‌కీ అర్థం కావు. హ్యాకర్ ప్రైవేట్ సెక్రటరీ బెర్నార్డ్ ముఖం చూడండి, చాలు.