బండి గోడలకు రంగేసే ముందు

బిడ్డా,

నువ్వు పంపిన ఫొటోలు నిన్న రాత్రి కళ్ళద్దాలు పెట్టుకొని ఒక్కొక్కటి పెద్దగ చేసి చూసిన. పాత టెంపో ట్రావెలర్ బండిల సీట్లు పీకించి మంచం, వంటగట్టు, గోడ అలమార్లు మంచిగ చేయించుకున్నరు. వడ్లాయన చెయ్యి మంచిది, పలకలు సాపుగ కూసున్నయి. ఇగ లోపలి గోడలకు రంగు మేమే ఏసుకుంటం పెద్దబాపూ, ఏ డబ్బా కొనాలె అని అడిగినవు. డబ్బా సంగతి తర్వాత చెప్త. ముందుగాల ఒక్క మాట మనసుల పెట్టుకో. ఇంటి గోడ నిలబడి ఉంటది, బండి గోడ కదులుతది. గుంతల పడ్డప్పుడల్ల వణుకుతది, ఎండకు సాగుతది, రాత్రి చల్లకు ముడుచుకుంటది. నలభై ఏండ్లు హన్మకొండల, కాజీపేటల ఇండ్లకు రంగులేసిన, ఆటోనగర్ల బస్సుల లోపల గూడ ఏసిన. ఇంటి పని బాగొచ్చినోడు బండి పనిల దెబ్బతినేది ఈ ఒక్క కాడనే.

నేను గూడ తిన్న. చాన ఏండ్ల కింద, మేడారం జాతర దగ్గర పడ్డప్పుడు ఒకాయన తన బస్సు లోపల రంగు మార్చమన్నడు. గోడలకు సన్మైకా ఉన్నది. నాలుగు దినాలల్ల కావాలె అన్నడు. సబ్బు నీళ్ళతోటి తుడిచి, గీకకుండనే ఎనామిల్ రెండు కోట్లు ఏసి ఇచ్చిన. అద్దం లెక్క మెరిసింది. ఆయన చుట్టాలందర్నీ ఎక్కించుకొని ములుగు, పస్రా, తాడ్వాయి మీదికెళ్ళి సుమారు 100 కిలోమీటర్లు పోయి, అమ్మల దర్శనం చేసుకొని వచ్చిండు. వచ్చినంక నన్ను పిలిచి, కిటికీ పక్కన గోరు పెట్టి లేపిండు. జానెడు రంగు ఉల్లిపొర లెక్క లేచి చేతికొచ్చింది. దాని కింద సన్మైకా కొత్తదాని లెక్కనే నున్నగున్నది. రంగు దాన్ని పట్టుకోనే లేదు, ఊకె మీద పరుచుకొని ఉన్నది. ఆయన పైసలు ఆయనకిచ్చేసిన. ఆనాటిసంది గీకకుండ ఏ బండి గోడకూ బ్రష్ ముట్టియ్యలే.

అందుకని ముందు ఏ గోడ దేనితోటి చేసిందో చూసుకో. మీ బండిల నాకు నాలుగు రకాలు కనబడ్డయి. మంచం చుట్టూ ఉన్నది ఉత్త ప్లైవుడ్. వంటగట్టు పక్కన సన్మైకా. డ్రైవర్ ఎనక నుంచి కిటికీల దాక పాత బండిదే రెక్సిన్. పైకప్పు మాత్రం ఫైబర్ షీట్. నాలుగింటికీ ఒక్కటే డబ్బా తెచ్చి పూస్తే నాలుగు తీర్ల ఆగమైతది.

రెక్సిన్ సంగతి ముందు చెప్త, అందరూ తప్పు చేసేది అక్కడనే. రెక్సిన్ మెత్తగ ఉండెటందుకు తయారుచేసేటప్పుడే దాంట్ల ఒక రకం నూనె కలుపుతరు. ఆ నూనె ఏండ్ల తరబడి మెల్లమెల్లగ పైకి ఊరుతనే ఉంటది. దాని మీద ఆయిల్ పెయింట్ ఏస్తే నెలలైనా ఆరదు. చెయ్యి ఆనిస్తే జిగురు, ఆనుకొని పడుకుంటే దుప్పటి అంటుకుంటది. నా మాటింటే దాన్ని పూరా పీకేయిండ్రి, ఆ జాగల సన్న ప్లైవుడ్ కొట్టియ్యిండ్రి. రెక్సిన్ మీద రంగు కంటే రెక్సిన్ తీసేసుడే సులువు. ఏసీ గాలొచ్చే జాలీలు, లైట్ల చుట్టు ప్లాస్టిక్ పట్టీలు ఉన్నయి గద, వాటికి అసలు రంగెయ్యకు. తిన్నర్ తగిలితే ఆ ప్లాస్టిక్ మెత్తబడి కరుగుతది. ఇప్పి పక్కన పెట్టు, పనైనంక మళ్ళ బిగించు.

రంగు మాట ఎత్తకముందు ఒకనాడు బండి మీద పైపుతోటి అరగంట నీళ్ళు కొట్టు. లోపల టార్చిలైటు పట్టుకొని కిటికీల కింది మూలలు, పైకప్పుకు బొక్క కొట్టి ఫ్యాను పెట్టిన జాగ చుట్టూ చూడు. నల్ల మచ్చ కనబడ్డ కాడ బొటనవేలుతోటి ఒత్తి చూడు. ప్లైవుడ్ మెత్తగ దిగితే అది కుళ్ళింది, ఆ ముక్క కోసి తీసెయ్యాలె. తడి ఉన్న చెక్క మీద రంగు నిలువది, బొబ్బలు లేస్తది. మొదలు పైన కారుడు ఆపు, తర్వాత వారం రోజులు తలుపులు తెరిచి ఆరనియ్యి.

తుడుసుడు గూడ చిన్న పని కాదు. పాత బండి కాబట్టి డ్యాష్‌బోర్డు మెరిసేటందుకు కొట్టే పాలిష్ గోడలకు గూడ పట్టి ఉంటది. అండ్ల సిలికాన్ ఉంటది. అది వేలెడంత జాగల ఉన్నా సరే, ఏసిన రంగు అక్కడికెళ్ళి పక్కకు జరిగి చేపకన్ను లెక్క గుండ్రటి గుంత పడ్తది. ఎన్ని కోట్లేసినా ఆ గుంత పూడదు. గిన్నెలు తోమే ద్రవం గోరువెచ్చ నీళ్ళల్ల కలిపి రెండుసార్లు కడుగు, తర్వాత ఉత్త నీళ్ళతోటి తుడువు. ఆరినంక తెల్ల బట్టకు టర్పెంట్ అద్ది గోడ మీద గుంజు. బట్ట నల్లగ అయితే ఇంకా జిడ్డు ఉన్నట్టే. కిటికీల చుట్టూ పాత సిలికాన్ గీతలు ఉంటే బ్లేడుతోటి చెక్కి తీసెయ్యి, దాని మీద ఏ రంగూ ఆగది.

ఇగ గీకుడు. మీ ఆయనకు చెప్పు, పనిల సగం ఇదే అని. సన్మైకాకు, ఫైబర్‌కు 180 నంబర్ గీకే కాయిదం, తర్వాత 220. మెరుపు పూరా పోయి సుద్దముక్కతోటి రాసిన పలక లెక్క మసకగ కావాలె. లైటు పక్కనుంచి పట్టి చూస్తే ఎక్కడ మెరిసినా అక్కడ మళ్ళ గీకు. పాత రంగు ఉన్న కాడ మాత్రం కాయిదం నీళ్ళల్ల ముంచి తడితోటే గీకు. మన దేశంల ఇండ్ల రంగులల్ల సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళల్ల 90 పాళ్ళు, దాటొద్దన్న రూలు 2017 నవంబర్‌ల అమలుకు వచ్చింది, అది గూడ ఇండ్లకు ఏసే రంగులకే. బండ్లకు ఏసిన పాత రంగుల ఏమున్నదో మనకు తెల్వది. ఆ పొడి గాలిల లేవొద్దు. గీకేటప్పుడు చిన్నోన్ని అమ్మమ్మోళ్ళింటికి పంపు.

లప్పం గురించి నువ్వు అడగలే, అయినా చెప్త. మన ఇంటి గోడకు పెట్టే తెల్ల సిమెంటు పుట్టీ బండిల పెట్టకు. పలకలు కలిసిన కాడ పుట్టీ నింపి సాపు చేస్తే మొదటి దినం గీతే కనబడదు. నర్సంపేట పోయి వచ్చేసరికి వెంట్రుక మందం పగులు, నెలకు పెచ్చులు. మొల కొట్టిన సన్న బొక్కలకు చెక్క లప్పం చాలు. పలకల జోళ్ళ మీద మాత్రం సన్న బీడింగ్ పట్టీ కొట్టియ్యి. ఆ పట్టీని ఒక్క పలకకే మొలలు కొట్టాలె, రెండింటికీ కొడితే పలకలు కదిలినప్పుడు పట్టీయే చీలుతది. మూలలల్ల సందులుంటే రంగు పట్టే ఆక్రిలిక్ సీలెంట్ దొరుకుతది, సాగుతది. సిలికాన్ కాదని డబ్బా మీద చదివి కొను.

మన చేర్యాల నకాషీ పటాలు చూసినవు గద. ఖాదీ బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి ముందు పూస్తరు, అది ఆరినంకనే బొమ్మ గీస్తరు. ఆ పటం చుట్టి దాచి, మళ్ళ ఇప్పి కథ చెప్పేటోళ్ళు. పొర సన్నగ ఉండి, కింద బట్టను గట్టిగ పట్టుకొని ఉండబట్టే అది చుట్టుకుంటది. మన ప్రైమర్ చేసే పని గూడ అదే. ప్లైవుడ్‌కు ఉడ్ ప్రైమర్ సరిపోతది. సన్మైకాకు, ఫైబర్‌కు రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ ప్రైమర్ కావాలె. వాళ్ళు చెప్పిన పాళ్ళల్లనే కలుపు, ఒక్క గంటల పూసేటంతనే కలుపు, మిగిలితే డబ్బాలనే గట్టిపడ్తది. ఒక్కటే సన్న కోటు. మరునాడు 320 కాయిదంతోటి పైపైన తోము.

పూరా గోడ మొదలుపెట్టకముందు వంటగట్టు ఎనక కనబడని జాగల అరచేతంత ఏసి చూడు. మూడు దినాలు ఆగి, బ్లేడుతోటి పచ్చీసు గడుల లెక్క అడ్డం నిలువు గీతలు గీయి. వాటి మీద టేప్ అంటించి, గోరుతోటి రుద్ది, ఒక్కసారి గుంజు. గడులన్నీ నిలిస్తే ముందుకు పో. రంగు టేప్‌కు వస్తే మళ్ళ గీకుడు కాడికే పోవాలె. తిట్టుకోకు, మూడు దినాలు పోయినా మంచిదే.

పైన రంగు నీళ్ళతోటి కలిపే ఎనామిల్ కొను, సాటిన్ మెరుపుల. మూసిన బండిల ఆయిల్ పెయింట్ వాసన చాన రోజులుంటది, ఏండ్లకు పసుపుపచ్చగ గూడ అయితది. మొత్తం కొలిస్తే కిటికీలు పోను 200 చదరపు అడుగుల చిల్లర అయితది. లీటరు ఒక కోటుకు 100 అడుగుల పైన పడ్తది, రెండు కోట్లకు నాలుగు లీటర్లు చాలు. పైకప్పుకు తెలుపు, గోడలకు మజ్జిగ రంగు. ముదురు రంగులు బండిని ఇరుకు చేస్తయి. పొయ్యి ఎనక మాత్రం రంగెయ్యకు, స్టీలు రేకు కొట్టియ్యి. పొట్టి నూగున్న నాలుగంగుళాల రోలర్‌తోటి, పల్చటి కోట్లే. మందం కోటు ఒక్కటి ఏసే కంటే పల్చటివి మూడు ఏసినా మంచిదే.

మే నెల ఎండల ఈ పని పెట్టుకోకు. వరంగల్‌ల 44, 45 డిగ్రీలు ఎక్కినప్పుడు ఇనుప బండి లోపల రోలర్ రెండోసారి తిప్పేలోపే రంగు ఎండి గీతలు పడ్తయి. వానకాలం ఆరది. దీపావళి తర్వాత ఆరంభించు, యాపచెట్టు నీడల పెట్టు, పొద్దున ఏడు నుంచి పదకొండు దాకనే చెయ్యి.

అన్నిటికంటే ముందు గ్యాస్ సిలిండర్ దించి ఇంట్ల పెట్టు, బ్యాటరీ తీగె ఊడదియ్యి. ఎపాక్సీ, తిన్నర్ ఆవిరి కింద నేల మీద నిలుస్తది, చిన్న నిప్పురవ్వ చాలు. తలుపులు, కిటికీలన్నీ తెరువు, ఒక ఫ్యాను బయటికి గాలి కొట్టేటట్టు బయట ప్లగ్గుకు పెట్టు. ఊకె ముక్కుకు బట్ట కట్టుకుంటే ఆవిరి ఆగది, బొగ్గు డబ్బాలున్న మాస్కు తెచ్చుకో. చేతులకు గ్లౌజులు. తల తిరిగినట్టయితే వెంటనే బయటికి రా, ఇంకొక్క పట్టీ అనకు.

రంగు ముట్టుకుంటే ఆరినట్టే ఉంటది గని లోపల గట్టిపడేటందుకు మూడు నాలుగు వారాలు పడ్తది. అందాక గోడలు కడగకు, పరుపు గోడకు ఆనియ్యకు, అలమారి తలుపులు మూసి పెట్టకు. మూస్తే రెండు రంగులు ఒకదానికొకటి అతుక్కొని, తెరిచేటప్పుడు పొర లేస్తది. నేను తలుపుల సందుల మైనం కాయిదం ముక్కలు పెడ్త.

లక్నవరం పోదామని చిన్నోడు అంటుండట. ఆ నాలుగు వారాలు ఆగినంక పోండ్రి. తిరిగొచ్చిన దినం టార్చిలైటుతోటి తలుపు పైన మూల, కిటికీ మూలలు, పొయ్యి పక్క జోడు చూసి నాకు ఫొటోలు పంపు. పగుళ్ళు మొదలైతే అక్కడనే మొదలైతయి. మిగిలిన రంగు చిన్న సీసాల పోసి, డబ్బా మీది నంబరు కాయిదం మీద రాసి దానికి అంటించి పెట్టు.

రోలర్లు కొనకు, నా కాడ ఉన్నయి. గీకే కాయిదాలు తెచ్చి పెట్టు, దీపావళి తర్వాతి ఆదివారం పొద్దున్నే వస్త.

మీ పెద్దబాపు