గోడ మీద చెయ్యి పెట్టి చూడు

చిన్నా,

మొన్న రాత్రి తొమ్మిదింటికి మీ నాన్న ఫోన్ చేశాడు. "వాడు ఫ్లాట్ కొంటున్నాడక్కా, హైదరాబాద్ నిజాంపేటలోనే, 80 లక్షలట" అన్నాడు. వాడి గొంతులో అంత సంతోషం విని ఎన్నేళ్లయిందో. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. మన ఇంట్లో సొంతిల్లంటే ఏమిటో నీకు పూర్తిగా తెలీదు. 1984లో మీ నాన్నమ్మ ఆసుపత్రిలో పోయింది. శవాన్ని ఇంటికి తెస్తుంటే ఓనరు గేటు దగ్గర అడ్డం నిలబడ్డాడు. అద్దె ఇంట్లోకి శవాన్ని తీసుకురావద్దన్నాడు. మా అమ్మని రోడ్డు పక్కన, షామియానా కింద బల్ల మీద పడుకోబెట్టాం. మీ నాన్న అప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. ఆ రోజు నుంచి వాడికి ఇల్లంటే ఒకటే కోరిక. కానీ ముగ్గురు పిల్లల చదువులతో వాడి వల్ల కాలేదు. ఇప్పుడు నువ్వు కొంటున్నావంటే వాడు ఎంత పొంగిపోతున్నాడో నాకు తెలుసు. నేనూ అంతే.

అయితే ఆ తర్వాత వాడన్న మాటకి గుండె గుభేలుమంది. "పై ఫ్లోర్ వాళ్ల గోల భరించలేక త్వరపడుతున్నాడు, నెలాఖరుకే అడ్వాన్సు ఇచ్చేస్తాడట. సొంతింట్లో ఉంటే ఈ ఖర్మ ఉండదు నాన్నా అంటున్నాడు" అన్నాడు.

1993లో మీ మామయ్య కూడా సరిగ్గా ఈ మాటే అన్నారు. అందుకే రాత్రంతా నిద్ర పట్టక పొద్దున్నే కూర్చుని ఇది రాస్తున్నాను. ఫోన్‌లో అయితే నువ్వు "సరే అత్తయ్యా, సరే అత్తయ్యా" అని పెట్టేస్తావు.

కాగితాల సంగతి నీకు చెప్పక్కర్లేదు. ఈసీ (ఫ్లాట్ మీద తాకట్లూ అవీ ఉన్నాయో లేదో చెప్పే కాగితం), లింకు డాక్యుమెంట్లు (పాత ఓనర్ల దస్తావేజులు), ఓసీ (కట్టడం పూర్తయింది, ఉండొచ్చు అని ఇచ్చే కాగితం), రెరా నంబరు (బిల్డరు ప్రాజెక్టుకి సర్కారు రిజిస్ట్రేషను) అన్నీ బ్యాంకు వాళ్లు చూసినా సరే, మనకంటూ ఒక లాయరుకి చూపించు. అసోసియేషన్ రిజిస్టరయిందో లేదో, మెయింటెనెన్స్ ఎంతమంది బాకీ ఉన్నారో అడుగు. అంతే. ఇక మా కథ విను.

అప్పుడు మేం విజయవాడ సత్యనారాయణపురంలో ఒక పోర్షన్‌లో అద్దెకుండేవాళ్లం. ఓనరమ్మ రోజుకి అరగంటే మోటారు వేసేది. రాత్రి తొమ్మిదిన్నరకి గేటుకి తాళం. ఒకసారి డాబా మీద నేను వడియాలు పెట్టుకుంటే, చాపతో సహా తీసి మెట్ల మీద పడేసింది. మీ మామయ్య ఆ రోజు అన్నం తినలేదు. "ఇంక ఒకళ్ల కొంపలో ఉండేది లేదు" అన్నారు. మూడు వారాల్లో పటమటలో ఫ్లాట్ కొనేశాం. 3 లక్షల 40 వేలు. (3 లక్షల 65 వేలని పక్కనుంచి మీ మామయ్య సరిచేస్తున్నారు.) ఆఫీసు లోను, నా గాజులు, మీ తాతయ్య ఇచ్చిన పొలం డబ్బులు, అన్నీ అందులోనే పోశాం.

ఫ్లాట్ చూడ్డానికి ఆదివారం సాయంత్రం నాలుగింటికి వెళ్లాం. ఒకే ఒక్కసారి. గాలి బాగుంది, మంచినీళ్లు ఉన్నాయి, బెడ్‌రూమ్ కిటికీలోంచి కొబ్బరిచెట్టు కనిపించింది. పక్క ఫ్లాట్ బాల్కనీలో పెద్ద పెద్ద స్టీలు గంగాళాలు తొమ్మిదో పదో కడిగి బోర్లించి ఉన్నాయి. నేను చూశాను చిన్నా, నా కళ్లతో చూశాను. ఏదో పెళ్లి అయి ఉంటుందిలే అనుకున్నాను. ఎవరినీ అడగలేదు.

గృహప్రవేశం అయిన మర్నాడు తెల్లవారుజామున మూడున్నరకి మెలకువ వచ్చింది. మోత కంటే ముందు నాకు వినిపించింది ఇత్తడి చెంబు. గోడ గూట్లో పెట్టిన చెంబు మీద మూత గిరగిరా వణుకుతోంది. లేచి గోడ మీద చెయ్యి పెట్టాను. గోడ అదురుతోంది. పక్కవాళ్లు టిఫిన్ హోటళ్లకి ఇడ్లీ పిండి, దోసెల పిండి సప్లయ్ చేస్తారు. మా మంచం తలవైపు గోడకి అవతల రెండు పెద్ద గ్రైండర్లు. మూడున్నర నుంచి ఆరున్నర దాకా రోజూ ఆగకుండా తిరిగేవి. పండగల్లో రెండింటికే మొదలయ్యేది.

పది రోజులు ఓర్చుకున్నాం. పదకొండో రోజు తెల్లవారుజామున నాలుగింటికి మీ మామయ్య లుంగీ మీదే వెళ్లి వాళ్ల తలుపు బాదారు. మూడంతస్తుల వాళ్లూ లేచి మెట్ల మీదకి వచ్చారు. అందరి ముందూ ఆ పక్కింటాయన్ని నోటికొచ్చినట్టు తిట్టారు. ఆ మనిషి చేతికి పిండి అంటుకుని ఉంది. అలాగే నిలబడి, "నా ఇంట్లో నా ఇష్టం. కష్టంగా ఉంటే అమ్ముకుని పొండి" అన్నాడు. అంతకుముందు మేం వాళ్లతో ఒక్క మాట మాట్లాడి ఎరగం. గృహప్రవేశానికి కూడా పిలవలేదు.

ఆ తర్వాత ఏం చేసినా బెడిసికొట్టింది. అసోసియేషన్‌లో పెడితే, పన్నెండు ఫ్లాట్లలో నలుగురు వాళ్ల దగ్గరే పిండి కొనుక్కుంటున్నారు, ఎవరూ నోరు మెదపలేదు. స్టేషన్‌కి వెళ్తే "మీలో మీరు మాట్లాడుకోండి" అని పంపించేశారు. మూడో రోజున వాళ్లు మా మీద ఎదురు కంప్లయింట్ ఇచ్చారు, ఆడవాళ్లని బూతులు తిట్టారని. మీ మామయ్య జీవితంలో మొదటిసారి స్టేషన్ బెంచీ మీద కూర్చున్నారు. నలభై మూడేళ్లకే బీపీ మాత్ర మొదలుపెట్టింది ఆ ఏడాదే. కోర్టుకి వెళ్తే ఇంజంక్షన్, అంటే మోత ఆపమని ఆర్డరు, వస్తుందన్నాడు లాయరు, ఏళ్లు పడుతుందని కూడా చెప్పాడు.

మీ పెద్దొదిన అప్పుడు ఇంటర్. హాల్లోకి మంచం మార్చాం, చెవుల్లో దూది పెట్టుకుని చదివేది. సాయంత్రమైతే కళ్లు మూతలు పడేవి. చివరికి 1996లో పరీక్షల ముందు రెండు నెలలు పిల్లని గుంటూరులో మీ తాతయ్య దగ్గర ఉంచాం. ఎంసెట్‌లో ర్యాంకు రాలేదు. దానికి అదొక్కటే కారణం కాదని అదే అంటుంది ఇప్పటికీ. నాకు మాత్రం ఆ దూది ఉండలే గుర్తొస్తాయి.

ఆ జూన్‌లో మేం ఏం చేశామో తెలుసా? సొంత ఫ్లాట్‌కి తాళం వేసి మళ్లీ అద్దెకి వెళ్లాం. ఒక చేత్తో లోను కట్టుకుంటూ, ఇంకో చేత్తో అద్దె కట్టుకుంటూ. తర్వాత ఆ ఫ్లాట్‌ని అద్దెకిస్తే, దిగినవాళ్లు దిగినట్టే నాలుగైదు నెలలకి ఖాళీ చేసి వెళ్లిపోయేవాళ్లు. ఆ అద్దెదారులకున్న సుఖం ఓనర్లమైన మాకు లేకపోయింది. అమ్ముదామంటే కొనడానికి వచ్చినవాళ్లకి గ్రైండర్ల సంగతి దాచిపెట్టడం మీ మామయ్య వల్ల కాలేదు. 2001లో కొన్న ధరకే ఒకరికి ఇచ్చేశాం.

ఇదంతా వాళ్ల తప్పని చాలా ఏళ్లు అనుకున్నాను. తర్వాతెప్పుడో మా ఇంటి మిక్సీ బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ మాటల్లో చెప్పాడు. గ్రైండరు కింద మందంగా రబ్బరు వేసి, గోడకి జానెడు దూరం జరిపితే సగం అదురు పోతుందట. రబ్బరు ఖర్చు అప్పట్లో రెండొందలు కూడా కాదు. ఆ రెండొందలు మేమే పెట్టుకుని, పగటిపూట వెళ్లి, "మా అమ్మాయికి పరీక్షలండీ, కొంచెం సాయం చేయండి" అని అడిగి ఉంటే ఆయన కాదనేవాడా? ఏమో. అనేవాడేమో. కానీ అడగలేదు. మొదటి మాటే తిట్టు అయింది. ఆ తిట్టు తర్వాత వాళ్లు ఇంకేం చెప్పినా వినరు.

అందుకే నీ మీద నాకు కోపం వస్తోంది. మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నువ్వు రాసింది మీ ఆవిడ నాకు చూపించింది. "సంస్కారం లేనివాళ్లు" అని నూటపాతిక మంది చూసేచోట రాస్తావుట్రా? వాళ్ల చంటాడు పరిగెడతాడు, రాత్రి పదకొండింటికి కుర్చీలు ఈడుస్తారు, నిజమే. ఒక్కసారైనా మెట్లెక్కి వెళ్లి తలుపు కొట్టావా? కింద ఎంత వినిపిస్తుందో పైవాళ్లకి తెలీదు. ఒకరోజు వాళ్లావిడని కిందకి పిలిచి, మీ హాల్లో కూర్చోబెట్టి, పైన కుర్చీ లాగించి వినిపించు. చట్టం ఉందిగా అంటావు. ఉంది. మేం ఆ ఇల్లు ఖాళీ చేశాక, 2000లో శబ్ద కాలుష్య నిబంధనలు వచ్చాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 మించకూడదు. డీజే మోతకి ఫోన్ చేస్తే పోలీసులు వస్తారు. కుర్చీ ఈడ్చారంటే ఎవరొస్తారు నాన్నా?

ఇక లెక్క. మీ నాన్న చెప్పిన ప్రకారం 64 లక్షల లోను. ఎనిమిదిన్నర వడ్డీకి 20 ఏళ్లయితే నెలకి 55 వేలకి పైనే. మొదటి నెల అందులో 45 వేలు వడ్డీకే పోతుంది. రిజిస్ట్రేషన్‌కి ఏడున్నర శాతం అంటే 80 లక్షలకి 6 లక్షలు. రేపు అక్కడ పక్కింటివాళ్లతో పడకపోతే ఆ 6 లక్షలు వెనక్కి రావు. ఇప్పుడు నువ్వు కడుతున్న అద్దె 26 వేలు. ఈ ఇంట్లో భరించలేకపోతే నెల ముందు చెప్పి, పెయింటింగ్ పేరు చెప్పి ఓనరు ఒక నెల అద్దె పట్టుకున్నా సరే, మిగతా అడ్వాన్సు తీసుకుని లారీ మాట్లాడుకోవచ్చు. పైవాళ్లే నీ బాధ అయితే దానికి మందు ఇల్లు మారడం, కొనడం కాదు.

కొనొద్దనడం లేదు. కొను. మీ నాన్న కోసమైనా కొను. కానీ నువ్వు కొనాలనుకుంటున్న ఆ అపార్ట్‌మెంట్‌లోనే ముందు ఒక ఫ్లాట్ అద్దెకి తీసుకుని పదకొండు నెలలు ఉండు. అంత పెద్ద కాంప్లెక్స్‌లో టు-లెట్ బోర్డు లేకుండా ఉండదు. వినాయక చవితి, దీపావళి, ఒక వానాకాలం, ఒక నీళ్ల ట్యాంకర్ల వేసవి అక్కడ గడిపితే ఎవరెవరు ఎలాంటివాళ్లో తెలిసిపోతుంది. ధర పెరిగిపోతుందని ఏజెంటు తొందరపెడతాడు. పెట్టనీ. పెరిగితే పెరిగింది.

అది కుదరదంటావా, అయితే కనీసం నాలుగుసార్లు వెళ్లు. తెల్లవారుజామున నాలుగున్నరకి ఒకసారి, శనివారం రాత్రి పదకొండింటికి ఒకసారి, మంచి వాన పడుతున్నప్పుడు ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి. ఓనర్లని అడిగితే ఏమీ చెప్పరు, వాళ్ల ఫ్లాట్ ధర కూడా అందులోనే ఉందిగా. అద్దెకున్నవాళ్లని అడుగు, ముఖ్యంగా ఖాళీ చేసి వెళ్తున్నవాళ్లని. ఇస్త్రీ బండి అబ్బాయినీ, వాచ్‌మన్ భార్యనీ అడుగు. ఏ ఇంట్లో ఎవరు ఎప్పుడు లేస్తారో వాళ్లకి తెలుసు. బాత్‌రూమ్ పైకప్పు చూడు, ఉప్పు పూసినట్టు తెల్లగా ఉంటే పైనుంచి లీకేజీ. ఫాల్స్ సీలింగ్ ఉంటే ఒక పలక తీయించి మరీ చూడు. లిఫ్టు మోటారు ఎక్కడ, సంపు మోటారు ఎక్కడ, జనరేటరు ఎవరి కిటికీ కింద, పక్కన ఖాళీ స్థలం ఎవరిది. అన్నిటికంటే ముందు, నువ్వు మంచం వేసే గోడకి అవతల ఏముందో కనుక్కో. వంటిల్లా, పూజగదా, బాత్‌రూమా, ఏదైనా సరే. ఆ గోడ మీద అరచెయ్యి ఆనించి ఐదు నిమిషాలు నిలబడు. నీకు పిచ్చిగా అనిపిస్తే నేనే వచ్చి నిలబడతాను. వచ్చే నెల ఎలాగూ అమ్మాయికి ఏడో నెల పడుతుంది, వస్తానుగా. ఆ పిల్లకి ఇప్పుడు నిద్ర ఎంత అవసరమో నీకు తెలుసా? నెలలు నిండుతుంటే లోను కాగితాల చుట్టూ, గృహప్రవేశం చుట్టూ దాన్ని తిప్పకు.

మీ మామయ్య నీతో ఒక మాట చెప్పమన్నారు. ఆ రోజు తలుపు బాదకుండా ఉండాల్సిందట. ముప్పై ఏళ్లలో ఆయన ఆ మాట అనడం ఇదే మొదటిసారి. నేను కలం ఆపి ఆయన వంక చూస్తే పేపరు అడ్డం పెట్టుకున్నారు.

ఈ రాత్రి బస్సు పార్సిల్‌లో డబ్బా వేస్తున్నాను, రేపు పొద్దున్న తెచ్చుకో. సున్నుండలు రెండు కవర్లు ఉంటాయి. పెద్ద కవరు మీకు. చిన్నదాని పక్కన కుర్చీ కాళ్లకి తొడిగే రబ్బరు బుష్షులు రెండు డజన్లు పెట్టాను, గవర్నర్‌పేటలో వెతికి కొన్నాను. ఆ రెండూ పైవాళ్లకి. సాయంత్రం ఏడింటికి, ఆయన ఆఫీసు నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాక, నువ్వూ అమ్మాయీ కలిసి వెళ్లి ఇవ్వండి. ముందు సున్నుండలు ఇవ్వు. చంటాడి పేరు అడుగు. బుష్షుల మాట తర్వాత.

మీ
అత్తయ్య