కోటి ప్రశ్న దగ్గర ఆగాలా, ఆడాలా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. గృహిణిని, ఒకప్పుడు గ్రూప్-2కి చదివాను. కోటి రూపాయల టీవీ క్విజ్‌కి ఎంపికయ్యాను, వచ్చే నెల షూటింగ్. ఒకవేళ 50 లక్షల దాకా వెళ్తే ఆఖరి ప్రశ్న ఆడాలా, ఆగిపోవాలా? తప్పు చెబితే 3 లక్షల 20 వేలకి పడిపోతాం. మాకు రెండెకరాల కొబ్బరి తోట, కౌలుకి తీసుకున్న రొయ్యల చెరువు ఉన్నాయి. 14 లక్షల అప్పుంది, అందులో 9 లక్షలు బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చాం. పాప ఇంటర్ రెండో సంవత్సరం. నాకు పన్ను పడే వేరే ఆదాయం లేదు. మా బావగారు "ఊరికే వచ్చిన డబ్బేగా, పోతే మన జేబులోంచి పోయిందా, ఆడేయ్" అంటున్నారు.

జవాబు: అభినందనలండి. ముందు మీ బావగారి సంగతి తేల్చేద్దాం. సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల బరుల దగ్గర వినపడే మాటే ఇది, మొదటి పందెం గెలిచినవాడు ఆ డబ్బంతా రెండో పందెంలో పెట్టేస్తూ ఇదే అంటాడు. రిచర్డ్ థేలర్, ఎరిక్ జాన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1990లో దీని మీద ఒక అధ్యయనం ప్రచురించారు కూడా: అప్పుడే గెలిచిన డబ్బుని మనిషి ఇంకా తనదిగా లెక్కేసుకోడు, అందుకే జీతం డబ్బుతో చేయని సాహసం దానితో చేస్తాడు. కానీ మీరు "క్విట్" అన్న క్షణం నుంచి ఆ 50 లక్షలు పూర్తిగా మీవి. కాబట్టి ఆడటమంటే, ఇంట్లో బీరువాలో ఉన్న 50 లక్షల్లోంచి 46 లక్షల 80 వేలు తీసి పందెం కాయడమే, బావగారు ఎలా చెప్పినా సరే.

ఇప్పుడు పన్ను, ఎందుకంటే టీవీలో కనపడే అంకె మీ ఖాతాలో పడదు. ఇలాంటి బహుమతి మీద నేరుగా 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు. మామూలు ఆదాయానికి ఉండే బేసిక్ మినహాయింపు గానీ, ఎల్‌ఐసీ, పీపీఎఫ్ చూపించి తగ్గించుకోవడం గానీ ఇక్కడ కుదరవు. 50 లక్షలకి చివరికి మీకు మిగిలేది 34 లక్షల 40 వేలు. కోటికి అయితే ఆదాయం 50 లక్షలు దాటినందుకు ఆ పన్ను మీద 10 శాతం సర్‌చార్జీ కూడా పడి 65 లక్షల 68 వేలు మిగులుతాయి, అంటే బహుమతి రెట్టింపైనా చేతికొచ్చేది రెట్టింపు కాదు. తప్పు చెబితే మిగిలేది సుమారు 2 లక్షల 20 వేలు.

ఆ 2 లక్షల 20 వేలు ఎంతో చెప్పనా? మీ 9 లక్షల మీద నెలకి 18 వేలు, ఏడాదికి 2 లక్షల 16 వేలు వడ్డీ కడుతున్నారు. తప్పు జవాబు చెబితే దాదాపు ఒక ఏడాది వడ్డీ వస్తుంది, అసలు అసలుగానే ఉంటుంది.

లెక్క ప్రకారం చూస్తే, జవాబు సరైందని మీకు 51 శాతం నమ్మకం ఉంటే ఆడొచ్చు. లైఫ్‌లైన్ వాడి రెండు ఆప్షన్లు మిగిలాక గుడ్డిగా చెప్పినా 50 శాతం ఉంటుంది కాబట్టి "ఇంకేం, దాదాపు సమానమే కదా" అనిపిస్తుంది. కానీ ఆ లెక్క ప్రతి లక్షనీ ఒకేలా చూస్తుంది, మీ ఇంట్లో మాత్రం ప్రతి లక్షా ఒకటి కాదు. మొదటి 34 లక్షలతో అప్పు మొత్తం తీరిపోయి, ఇంకో 20 లక్షలు పాప ఇంజినీరింగ్‌కీ, రొయ్యలకి తెల్లమచ్చ రోగం వచ్చి చెరువు పోయిన ఏడాది ఇల్లు గడవడానికీ ఉంటాయి. ఆ పైన వచ్చే 31 లక్షలతో ఏం చేస్తారో మీ ఉత్తరంలో ఒక్క ముక్క కూడా లేదు, గమనించారా? బహుశా మేడ వేస్తారు, లేదా ఇంకో అరెకరం చూస్తారు. మంచివే, కానీ అవి లేకపోతే నిద్ర పట్టకపోవడమేం ఉండదు.

అందుకని మీ విషయంలో నా గీత పదికి తొమ్మిది. పదిసార్లలో తొమ్మిదిసార్లు కరెక్టవుతానన్నంత నమ్మకం ఉంటే లాక్ చేయండి, "అదే అనుకుంటా" అనిపిస్తే ఆగిపోండి. అప్పు లేని ఉద్యోగస్తులు అడిగి ఉంటే ఇంకొంచెం కిందకి దిగేవాణ్ణి.

కాకపోతే మన నమ్మకాన్ని మనం ఎక్కువగా అంచనా వేసుకుంటాం. షూటింగ్ లోపు ఒక పని చేయండి: పాత గ్రూప్-2 పేపర్లు తీసి, కష్టమైన ప్రశ్నలకి జవాబు రాస్తూ పక్కనే ఎంత శాతం నమ్మకమో కూడా రాయండి, తర్వాత కీ చూసి "90" అని రాసినవాటిలో నిజంగా ఎన్ని కరెక్టో లెక్కపెట్టండి. పదికి ఏడే వస్తున్నాయంటే, సీట్లో కూర్చున్నప్పుడు మీకు "90" అనిపించినా అది 70 అని గుర్తుపెట్టుకోండి. లైట్లు, మ్యూజిక్, ఎదురుగా పెద్ద హీరో, టెన్షన్... అక్కడ కూర్చుని ఈ గీత గీయలేరు, ఇంట్లోనే గీసుకుని మీవారికి చెప్పి వెళ్ళండి.

ఇంకోటి, క్విట్ అన్నాక "సరదాగా ఒకటి చెప్పండి" అంటారు, చెబుతారు, ఒక్కోసారి అది కరెక్టు అవుతుంది. ఆ తర్వాత ఊళ్ళో ఏడాదిపాటు అదే కబురు. అననివ్వండి.

కోటి గెలిచారే అనుకుందాం. వాళ్ళు 30 లక్షలు టీడీఎస్ (ఇచ్చేవాళ్ళే ముందుగా పట్టుకునే పన్ను) కోసి 70 లక్షలు ఇస్తారు, సర్‌చార్జీ, సెస్సు కలిపి ఇంకో 4 లక్షల 32 వేలు మీరే కట్టాలి, అడ్వాన్స్ టాక్స్ (ఏడాది మధ్యలోనే వాయిదాల్లో కట్టే పన్ను) గడువులు ఆడిటర్‌ని అడిగి ఆ డబ్బు వేరే పెట్టండి. టీడీఎస్ వాళ్ళే కోసుకుంటారు కాబట్టి, "ముందు పన్ను కట్టండి, తర్వాత బహుమతి పంపిస్తాం" అని ఎవరైనా ఫోన్ చేస్తే అది మోసమే, పెట్టేయండి.

50 లక్షలు వచ్చినా, కోటి వచ్చినా మొదటి వారంలోనే ఆ రెండు రూపాయల వడ్డీ అప్పు తీర్చి నోటు వెనక్కి తీసుకోండి. మిగతాది కనీసం ఆరు నెలలు బ్యాంకు ఎఫ్‌డీలో ఉంచండి, రొయ్యల కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్క) రేటు బాగుందని మీవారు ఎంత చెప్పినా కొత్త చెరువులో పెట్టకండి.