విజయవాడలో మళ్లీ వరదొస్తే జైల్లో ఉన్నవాళ్ల సంగతేంటి?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు జనం మేడలెక్కారు, పడవల్లో బయటపడ్డారు. ఖైదీకి ఆ వీలు లేదు. తాళం ఇంకొకరి చేతిలో ఉంటుంది. అందుకే అతని ప్రాణానికి పూచీ పూర్తిగా ప్రభుత్వానిదే.

చట్టంలో దారి ఉంది. 1894 నాటి జైళ్ల చట్టంలోని 7వ సెక్షన్, జైలు కిక్కిరిసినా, అంటువ్యాధి వచ్చినా, మరే కారణమైనా తాత్కాలిక జైలు ఏర్పాటు చేయమంటుంది. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా ప్రణాళిక ఉండాలి. అందులో జైలుకు విడిగా చోటివ్వాలని నా గట్టి అభిప్రాయం.

అసలు చిక్కంతా అమలులో. అర్ధరాత్రి నీళ్లొస్తే కాపలా సిబ్బంది తక్కువమందే ఉంటారు. మారు తాళంచెవులు ఎక్కడున్నాయో ఆ షిఫ్టులో ప్రతి ఒక్కరికీ తెలియాలి. నడవలేనివాళ్లు ఏ బ్యారక్‌లో ఉన్నారో రాసి ఉండాలి. బస్సులు, ఎస్కార్టు పోలీసులు వరద పనుల్లో చిక్కుకోకముందే, అంటే హెచ్చరిక అందగానే తరలింపు మొదలవ్వాలి. మందులు, రికార్డులు మనిషితోపాటే వెళ్లాలి.

2005లో కత్రినా తుపానుకు అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ జైల్లో ఖైదీలు నీళ్లు నిండిన గదుల్లోనే చిక్కుకుపోయారు. ముందే ఖాళీ చేయించకపోవడమే కారణం.

ఇంకో మాట. తరలించిన రోజే ఇంటివాళ్లకు ఫోన్ చేసి చెప్పాలి. బయట ఒక తల్లి ఎదురుచూస్తుంటుంది.